బస్సులో భ్యః, అంకుల్‌లో మేనమామ: ఇంగ్లీషు మాటల లాటిన్ పుట్టుకపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషు లాటిన్ నుంచి పుట్టిన భాషేనా?

కాదు. ఇంగ్లీషుకు తోబుట్టువులు జర్మన్, డచ్ భాషలు. లాటిన్ కడుపున పుట్టినవి ఇటాలియన్, ఫ్రెంచి, స్పానిష్, పోర్చుగీసు, రుమేనియన్ వగైరా. లాటిన్ దగ్గర ఇంగ్లీషు చేసింది అప్పు. అదీ చిన్నాచితకా అప్పు కాదు.

తెలుగువారికి ఈ సంగతి అర్థం కావడం చాలా తేలిక. మనకు సంస్కృతం ఎలాగో, ఇంగ్లీషుకు లాటిన్ అలాగ. తల, ఇల్లు, నీరు, తిను, పో అనేవి మన సొంత మాటలు. శిరస్సు, గృహం, జలం, భోజనం, ప్రయాణం తెచ్చుకున్నవి. ఇంట్లో ‘తలనొప్పి’ అంటాం, ఆయుర్వేద సీసా మీద ‘శిరోవేదన’ అని ఉంటుంది. ఇంగ్లీషువాడికీ అదే తంతు. హెడ్, హౌస్, వాటర్, ఈట్, గో అతని సొంతం. కాపిటల్, డొమెస్టిక్, అక్వేరియం లాంటివి లాటిన్ సొమ్ము. పెద్దమనిషిలా కనిపించాలనుకున్నప్పుడు మనం సంస్కృతం వైపు చెయ్యి చాచినట్టే అతను లాటిన్ వైపు చాస్తాడు.

మొత్తం ఇంగ్లీషులో లాటిన్ వాటా ఎంత?

1973లో ఇద్దరు జర్మన్ పండితులు ఒక ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోని సుమారు 80 వేల మాటలను వడపోశారు. నేరుగా లాటిన్ నుంచి వచ్చినవి 28 శాతం, ఫ్రెంచి మీదుగా వచ్చినవి మరో 28 శాతం, జర్మానిక్ (జర్మన్, డచ్, ఇంగ్లీషుల సొంత కుటుంబం) మూలం ఉన్నవి 25 శాతం, గ్రీకువి 5 శాతం అని లెక్క తేలింది. ఫ్రెంచి కూడా లాటిన్ బిడ్డే కాబట్టి, సగానికి పైగా సరుకు ఆ ఇంటిదే.

అయితే ఇది నిఘంటువు లెక్క, నోటి లెక్క కాదు. రోజూ మాట్లాడేటప్పుడు మళ్లీ మళ్లీ వచ్చే వంద మాటలు చూస్తే దాదాపు అన్నీ ఇంగ్లీషు సొంత మాటలే. తెలుగు నిఘంటువు తెరిస్తే పుటలకు పుటలు సంస్కృతమే కనిపిస్తుంది. కూరగాయల బండి దగ్గర బేరమాడే తెలుగులో అది ఎంత ఉంటుందో మీకే తెలుసు.

ఈ మాటలన్నీ ఒకేసారి వచ్చాయా?

లేదు, నాలుగైదు విడతలుగా వచ్చాయి. ఇంగ్లీషువారి పూర్వికులు బ్రిటన్‌లో అడుగుపెట్టక ముందే, యూరప్ నేల మీద రోమన్లతో వ్యాపారం చేస్తూ కొన్ని తెచ్చుకున్నారు. వైన్, చీజ్, కిచెన్, స్ట్రీట్, వాల్, మైల్ అప్పటివి. చూడండి, అన్నీ సంత సరుకులు, కట్టడాలు, కొలతలు. ‘మైల్’ అంటే లాటిన్‌లో వెయ్యి, అంటే రోమన్ సైనికుడి వెయ్యి అంగలు. 597లో అగస్టీన్ అనే మతాచార్యుడు కెంట్ రాజ్యానికి వచ్చాక గుడి మాటలు దిగాయి: మాస్, ఆల్టర్, క్యాండిల్.

అసలు వరద 1066 తర్వాతది. ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. కోర్టు, జడ్జి, జ్యూరీ, ప్రిజన్ అన్నీ ఏలినవారి భాషలోంచి వచ్చాయి. మన కోర్టు మాటలు గుర్తు చేసుకోండి: ఫిర్యాదు, దావా, వకీలు, జామీను. పారశీకం రాజభాషగా ఉన్న కాలపు ముద్ర అది. ఎవరు తీర్పు చెబుతారో వారి మాటే నిలుస్తుంది.

ఆ తర్వాత 16, 17 శతాబ్దాల్లో పండితులు లాటిన్ గ్రంథాల్లోంచి నేరుగా బస్తాలకొద్దీ ఎత్తుకొచ్చారు. చివరి విడత విజ్ఞానశాస్త్రానిది. అది ఇప్పటికీ ఆగలేదు.

‘బస్సు’ లాటిన్ మాట అంటారు. నిజమేనా?

మాట కూడా కాదు, ఉత్త విభక్తి ప్రత్యయం! నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

లాటిన్‌లో ‘ఓమ్నిస్’ అంటే అందరూ. దాని చతుర్థీ బహువచనం ‘ఓమ్నిబుస్’, అంటే అందరి కొరకు. 1820లలో ఫ్రాన్సులోని నాంత్ పట్టణంలో స్తానిస్లాస్ బోద్రీ అనే ఆయన తన స్నానశాలకు జనాన్ని చేరవేయడానికి గుర్రబ్బండ్లు పెట్టాడు. జనం స్నానం సంగతి వదిలేసి బండి మాత్రం ఎక్కుతున్నారని గమనించి, ఆ బండ్లనే వ్యాపారంగా మలిచాడు. డబ్బిచ్చిన ఎవరైనా ఎక్కవచ్చు కాబట్టి వాటికి ఓమ్నిబుస్ అన్న పేరు స్థిరపడింది. 1829లో జార్జ్ షిల్లిబీర్ లండన్‌లో అలాంటి బండ్లే నడిపాడు. అంత పొడుగు పేరు ఎందుకని లండన్ వాసులు ముందుభాగం కోసేశారు. మిగిలింది ‘బస్’.

ఇక్కడే ఉంది తమాషా. కోసేసిన ముక్కలోనే ‘అందరూ’ ఉన్నారు. మిగిలిన ముక్కలో ఉన్నది ‘కొరకు’ మాత్రమే. అందరినీ దింపేసి, కొరకును ఎక్కించుకుని వెళ్లిపోయిన బండి అన్నమాట. చిన్నప్పుడు ‘రామాయ, రామాభ్యాం, రామేభ్యః’ అని రామశబ్దం వల్లించినవారికి ఇంకో మాట: ఆ చివరి ‘భ్యః’, ఈ లాటిన్ ‘బుస్’ ఒకే మూలం నుంచి వచ్చిన ప్రత్యయాలు. స్టాండులో నిలబడి మనం ఎదురుచూసేది ఒక భ్యః కోసం.

రోమన్ సైనికులకు ఉప్పుతో జీతమిచ్చేవారట, అందుకే ‘శాలరీ’ అన్నారట. ఇది ఎంతవరకు నిజం?

సగం. ‘సాల్’ అంటే ఉప్పు, ‘సలారియుమ్’ అంటే భత్యం. రెండోది మొదటిదాని నుంచి వచ్చిందనడంలో సందేహం లేదు. ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ కూడా ఈ సంబంధాన్ని చెప్పాడు. కానీ సైనికుల చేతిలో ఉప్పు మూటలు పెట్టారని చెప్పే రోమన్ ఆధారం ఒక్కటీ లేదు. వారి జీతాలు నాణాల్లోనే లెక్కగట్టేవారు. ఉప్పు కొనుక్కోవడానికి ఇచ్చిన సొమ్ము అన్నది కూడా తర్వాతివారి ఊహే.

మనం ఈ కథను ఇట్టే నమ్మేయడానికి కారణం ఉంది. ‘ఆయన ఉప్పు తిన్నాను, ద్రోహం చేయలేను’ అనే జాతి మనది. ఉప్పుకూ కొలువుకూ ముడి మన నోట్లోనే ఉంది. అంతమాత్రాన అది రోమన్ సైన్యం ఖాతా పుస్తకంలో ఉన్నట్టు కాదు. సలాడ్, సాస్ మాత్రం నిస్సందేహంగా ఉప్పు వేసినవే. రెండింటి మూలం ‘ఉప్పు చల్లినది’ అనే అర్థమిచ్చే మాట.

ఎన్నికల మాటల్లో లాటిన్ ఎక్కువగా వినిపిస్తుంది. ఎందుకు?

ఓట్లు అడుక్కోవడంలో రోమన్లు మనకన్నా ముందు తరగతిలో చేరినవారు కాబట్టి. పదవికి పోటీపడే రోమన్, సుద్దతో తెల్లగా మెరిసేలా చేసిన టోగా అనే పైవస్త్రం కట్టుకుని జనంలోకి వెళ్లేవాడు. తెల్లగా మెరిసేదాన్ని ‘కాండిదుస్’ అంటారు. అందుకే పోటీదారు ‘కాండిదాతుస్’ అయ్యాడు, ఇంగ్లీషులో క్యాండిడేట్ అయ్యాడు. రెండు వేల ఏళ్ల తర్వాత గంజి పెట్టిన తెల్ల ఖద్దరు చొక్కాతో మన వీధిలోకి వచ్చే అభ్యర్థికి ఈ సంగతి తెలిసి ఉండదు. తెల్లబట్టల మహిమ మాత్రం ఆయనకు బాగా తెలుసు.

అలా వీధి వీధి చుట్టి రావడాన్ని ‘అంబీరే’ అనేవారు. ‘యాంబిషన్’ దాన్నుంచి వచ్చిందే. మనం పిల్లలకు నూరిపోసే ఆశయానికి పుట్టిల్లు ఓట్ల కోసం తిరిగిన తిరుగుడు! అదే ధాతువు నుంచి వచ్చిన ‘అంబితుస్’ అనే మాటకు రోమన్ చట్టంలో అర్థం ఓట్లు కొనే నేరం. క్రీ.పూ. 63లో కాన్సుల్‌గా, అంటే రోమ్ ప్రధాన పాలకుడిగా ఉన్న సిసిరో ఆ నేరానికి పదేళ్ల ప్రవాస శిక్ష వేసే చట్టం తెచ్చాడు. ‘ఓటు’ మాత్రం పవిత్రమైన ఇంట్లో పుట్టింది. ‘వోతుమ్’ అంటే మొక్కు.

గెలిచాక వచ్చే మాట ‘మినిస్టర్’. దీని లోపల ఉన్నది ‘మినుస్’, తక్కువ అని. మినిస్టర్ అంటే సేవకుడు, చిన్నవాడు. దీనికి జోడీగా ‘మాగిస్’, అంటే ఎక్కువ అన్న మాట నుంచి ‘మాగిస్తెర్’ వచ్చింది. అదే మాస్టర్. మన మహత్తులోని ‘మహ’కు ఈ మాగిస్ చుట్టం. లాటిన్ లెక్క ప్రకారం బడి మాస్టారు పెద్దవాడు, మంత్రిగారు చిన్నవాడు. ప్రోటోకాల్ అధికారులు నమ్మరు గానీ.

‘రైవల్’ అనే మాటకూ నీళ్లకూ సంబంధం ఏమిటి?

‘రీవుస్’ అంటే వాగు, పిల్లకాలువ. ఒకే కాలువ నీళ్లు వాడుకునే ఇరుగుపొరుగు రైతు ‘రీవాలిస్’. ఆ తర్వాత ఏం జరిగి ఉంటుందో కాలువ చివరి భూములున్న రైతుకు చెప్పాల్సిన పని లేదు. రాత్రిపూట గండి కొట్టడం, పొద్దున్నే పంచాయతీ. కృష్ణా నీటి వాటాల కోసం ట్రిబ్యునళ్ల చుట్టూ తిరిగే రాష్ట్రాలను రైవల్స్ అంటే అది అలంకారం కాదు, నిఘంటువు అర్థమే.

ఇంతకన్నా గొప్ప ఉదాహరణ తెలుగులోనే ఉంది. ఆస్తిలో వాటా ఉన్న జ్ఞాతిని ‘దాయ’ అన్నాం. పాత పద్యాల్లో దాయ అంటే శత్రువు కూడా. రోమన్ నీళ్ల దగ్గర పోట్లాడాడు, మనం పొలం గట్టు దగ్గర పోట్లాడాం. భాష రెండు తగాదాలనూ నమోదు చేసింది.

ఇంగ్లీషులో అందరూ అంకులే, అందరూ ఆంటీలే. ఆ భాషలో బంధుత్వాలకు ఇంత కరువెందుకు?

లాటిన్‌లో కరువు లేదు. తండ్రి సోదరుడు ‘పత్రుఉస్’, తల్లి సోదరుడు ‘అవుంకులుస్’. తండ్రి సోదరి ‘అమిత’, తల్లి సోదరి ‘మాతెర్తెర’. బాబాయి వేరు, మేనమామ వేరు. మేనత్త వేరు, పిన్ని వేరు. అచ్చం మన ఇల్లే.

ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరేసరికి సగం చుట్టరికాలు దారిలో రాలిపోయాయి. మిగిలినవి అవుంకులుస్, అమిత. అవే అంకుల్, ఆంట్. పుట్టుక ప్రకారం అంకుల్ అంటే మేనమామ, ఆంట్ అంటే మేనత్త. బాబాయిని, పిన్నిని ఇంగ్లీషు చెయ్యి జారవిడుచుకుంది.

అవుంకులుస్ మాటను ఇంకొంచెం విప్పితే ‘చిట్టి తాత’ అని వస్తుంది. ‘అవుస్’ అంటే తాత. ‘కజిన్’ కూడా మొదట్లో తల్లి అక్కచెల్లెళ్ల పిల్లలకు చెప్పిన మాటే. బావనూ అన్ననూ ఒకే కజిన్‌లో కుదించిన ఇంగ్లీషుతో, మేనరికాలున్న తెలుగు కుటుంబం అమెరికాలో పడే అవస్థ అంతా ఇంతా కాదు. ఆ అవస్థ రోమన్ పౌరుడికి చెబితే సానుభూతి చూపించేవాడు.

సెప్టెంబర్ తొమ్మిదో నెల కదా, పేరులో ఏడు ఎందుకుంది?

పాత రోమన్ సంవత్సరం మార్చితో మొదలయ్యేది. అక్కడినుంచి లెక్కపెడితే సెప్టెంబర్ ఏడు, అక్టోబర్ ఎనిమిది, నవంబర్ తొమ్మిది, డిసెంబర్ పది. సప్త, అష్ట, నవ, దశ పక్కన పెట్టి చదవండి, అనువాదం అక్కర్లేదు. సంవత్సరారంభం జనవరికి జరిగినా పేర్లు జరగలేదు.

జూలై, ఆగస్టు నెలలను మధ్యలో దూర్చడం వల్లే ఈ తేడా వచ్చిందని క్విజ్ పుస్తకాల్లో కనిపిస్తుంది. అది తప్పు. ఐదోది, ఆరోది అనే అర్థంతో అప్పటికే ఉన్న క్వింతిలిస్, సెక్స్‌తిలిస్ నెలలకే పేర్లు మార్చారు. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ పేరు, క్రీ.పూ. 8లో అగస్టస్ పేరు. కొత్త నెల ఒక్కటీ పుట్టలేదు. ఉన్నవాటికి నాయకుల పేర్లు పెట్టడం కొత్త అలవాటేమీ కాదు.

ఆసుపత్రి మాటల సంగతి?

‘డాక్టర్’ అంటే బోధించేవాడు. మందుబిళ్లకూ ఆ మాటకూ మొదట్లో సంబంధం లేదు. కాబట్టి పెళ్లిచూపుల్లో ‘అసలు డాక్టరేనా, పీహెచ్‌డీయా?’ అని అడిగించుకునే తెలుగు శాఖ అధ్యాపకులు నిశ్చింతగా తలెత్తుకోవచ్చు. అసలు డాక్టర్లు వారే. ‘పేషెంట్’ అంటే బాధను ఓర్చుకునేవాడు. సహనానికి ఇంగ్లీషులో వాడే మాట కూడా అదే వేరు నుంచి వచ్చింది. ‘హాస్పిటల్’లో ఉన్నది అతిథి. హోటల్, హాస్టల్, హాస్పిటల్ మూడూ ‘హోస్పెస్’ అనే మాట బిడ్డలు. బిల్లు చూస్తే మొదటిదానికీ మూడోదానికీ ఉన్న పోలిక మనకూ తెలుస్తుంది.

‘వైరస్’ లాటిన్‌లో విషం, జిగురు. మన ‘విషం’ దానికి తోబుట్టువే. ‘వ్యాక్సిన్’ కథ ఇంకా ముచ్చటైనది. ‘వక్కా’ అంటే ఆవు. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ అనే ఇంగ్లీషు వైద్యుడు, ఆవులకు వచ్చే పొక్కుల వ్యాధి సోకిన పాలమ్మి చేతి పొక్కులోంచి రసి తీసి ఒక పిల్లవాడికి ఎక్కించి, వాడికి మశూచి సోకడం లేదని చూపించాడు. 1798లో అచ్చువేసిన గ్రంథంలో ఆ వ్యాధికి లాటిన్‌లో ఆవు మశూచి అనే పేరే వాడాడు. దాన్నుంచి వ్యాక్సిన్ వచ్చింది. 1881లో లూయీ పాశ్చర్, జెన్నర్ మీది గౌరవంతో అన్ని రకాల టీకాలకూ ఆ పేరే ఉండాలన్నాడు. ఆవుతో పని లేని టీకాలు కూడా అలా ఆవు పేరు మోస్తున్నాయి.

కండను ‘మజిల్’ అంటారు కదా, దానికి అర్థం చిట్టెలుక. ‘మూస్’ అంటే ఎలుక, ‘మూస్కులుస్’ చిన్న ఎలుక. చెయ్యి మడిచి కండ బిగిస్తే చర్మం కింద ఎలుక పరుగెత్తినట్టుందని ఎవరో సరదా రోమన్ అనుకుని ఉంటాడు. మూషికం, మౌస్, మూస్ మూడూ ఒక్క గూటివే. వ్యాయామశాలలో అద్దం ముందు నిలబడి వినాయకుడి వాహనాన్ని పెంచుతున్నామని కుర్రవాళ్లకు చెప్పి చూడండి.

కంప్యూటర్, డిజిటల్ లాంటివి కొత్త మాటలు కదా?

వస్తువు కొత్తది, మాట పాతది. 17వ శతాబ్దంలో కంప్యూటర్ అంటే లెక్కలు కట్టే మనిషి. దాని వేరు ‘పుతారే’. మొదట కొమ్మలు కత్తిరించి శుభ్రం చేయడం, తర్వాత ఖాతా తేల్చడం, ఆ పైన తలచడం. తెలుగు ‘లెక్క’కు కూడా ఇలాగే రెండు ముఖాలున్నాయి: ‘లెక్క కట్టాడు’, ‘నన్ను లెక్క చేయలేదు’. ‘డిజిట్’ అంటే వేలు. పదిదాకా లెక్కపెట్టడానికి దేవుడిచ్చిన పరికరం అదే కదా. వేలితో నొక్కి డబ్బు పంపే ఈ రోజుల్లో డిజిటల్ చెల్లింపు అంటే అక్షరాలా వేళ్ల చెల్లింపు.

‘డేటా’ అంటే ఇచ్చినవి. మన దత్తం, దానం దాని దగ్గరి చుట్టాలు. ‘వీడియో’ అంటే ‘నేను చూస్తున్నాను’. ఇది విద్య, వేదం పుట్టిన ధాతువే. చూసినవాడికే తెలుస్తుంది కాబట్టి చూడడం, తెలియడం ఒకే వేరు నుంచి చీలాయి.

వీసా కూడా ఆ కుటుంబమేనా?

అవును. చూసి సరే అన్న కాగితం అని. చిలుకూరు బాలాజీ గుడిలో వీసా కోసం 11 ప్రదక్షిణలు చేసేవారు, వచ్చాక 108 చేసేవారు, చెవిన పడుతున్న వేదానికీ చేతికి రావలసిన వీసాకూ ఒకే ధాతువని తెలుసుకుంటే కాళ్ల నొప్పి కొంత తగ్గవచ్చు. మన పాత లెక్కల్లో పదహారో వంతైన ‘వీసం’తో దీనికి ఏ సంబంధమూ లేదు.

ఇన్ని పోలికలున్నాయి కదా, లాటిన్ సంస్కృతం నుంచే పుట్టిందని చెప్పవచ్చా?

చెప్పకూడదు. ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది, కొంచెం కోపంతో కూడా వస్తుంది. 1786లో కలకత్తాలో ఇంగ్లీషు జడ్జి విలియం జోన్స్ తన ప్రసంగంలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ మూడూ ఇప్పుడు లేని ఏదో ఒక మూలభాష నుంచి వచ్చి ఉండాలన్నాడు. తర్వాతి పరిశోధన దాన్నే బలపరిచింది. సంస్కృతం, లాటిన్ అక్కచెల్లెళ్లు, తల్లీకూతుళ్లు కావు. దూరపు చుట్టరికంలో ఇంగ్లీషు కూడా ఆ కుటుంబమే. అందుకే ఇంగ్లీషు సొంత మాట ‘కౌ’, లాటిన్ దారిలో వచ్చిన ‘బీఫ్’, మన ‘గోవు’ మూడూ ఒకే పాత మాటకు మూడు రూపాలు.

ఇందులో తెలుగు లేదు. 1816లో మద్రాసులో కంపెనీ అధికారి ఎల్లిస్ దొర, క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలో, తెలుగు సంస్కృత జన్యం కాదని, తమిళ కన్నడాలతో ఒకే కుటుంబమని చూపించాడు. లాటిన్‌తో పోలే మాటలు మన నోట వినిపిస్తే అవి సంస్కృతం నుంచి తెచ్చుకున్నవే. సప్త లాటిన్‌కు చుట్టం, ఏడు కాదు.

తెలుగును తూర్పు దేశపు ఇటాలియన్ అంటారు కదా?

అది అజంత భాష అన్న ముద్దుమాట. రెండింటిలోనూ మాటలు అచ్చుతో ముగుస్తాయి. అంతే.

ఒకే లాటిన్ మాట ఇంగ్లీషులో రెండు రూపాల్లో ఎందుకు కనిపిస్తుంది?

మన తత్సమ, తద్భవాల లాగే. ‘ద్వీపం’ పుస్తకంలోంచి దిగింది, ‘దీవి’ జనం నోట్లో అరిగింది. శ్రీ, సిరి, ముఖం, మొగం, భిక్షం, బిచ్చం. ఒక్కోసారి అరిగిన రూపానికి అర్థం కూడా మారుతుంది. కాశీకి వెళ్లేది యాత్ర, ఊళ్లో పోతురాజులు ఆడేది జాతర. మాట ఒక్కటే.

లాటిన్ ‘సెకూరుస్’ ఫ్రెంచి నోట్లో నలిగి ‘ష్యూర్’ అయింది, పుస్తకంలోంచి నేరుగా వచ్చి ‘సెక్యూర్’ అయింది. ‘ఫ్రాగిలిస్’ ఒకవైపు ‘ఫ్రెయిల్’, మరోవైపు ‘ఫ్రాజైల్’. ‘కౌంట్’, ‘కంప్యూట్’ కూడా అంతే. ‘మొనేత’ రెండుసార్లు వచ్చింది. రోమ్‌లో జూనో మొనేత దేవత గుడి దగ్గర నాణాల ముద్రణశాల ఉండేది. పాతకాలంలో వచ్చిన రూపం ‘మింట్’, ఫ్రెంచి మీదుగా వచ్చినది ‘మనీ’. ‘పెన్’, ‘పెన్సిల్’ మాత్రం ఇలాంటి జోడీ కాదు. పెన్ అంటే ఈక. పెన్సిల్ మూలం చిన్న తోక, అంటే కుంచె. పెట్టెలో పక్కపక్కన పడుకున్నంత మాత్రాన చుట్టాలైపోరు.

‘డెట్’ మాటలో పలకని ‘బి’ ఎందుకు రాయాలి?

పండితుల డాంబికం వల్ల. ఆ మాట ఫ్రెంచి నుంచి ‘బి’ లేకుండానే వచ్చింది, లేకుండానే రాసేవారు. ఆ తర్వాత లాటిన్ పిచ్చి ముదిరి, దీని మూలం ‘దేబితుమ్’ కదా, మూలం కనబడాలి కదా అని మధ్యలో ‘బి’ పెట్టారు. నోరు వినలేదు, కలం వదల్లేదు. ‘డౌట్’లో ‘బి’, ‘రిసీట్’లో ‘పి’ అలాంటివే. (మన ‘రసీదు’ ఈ రిసీట్ నుంచి రాలేదు, అది పారశీకం.) ‘ఐలండ్’ మరీ అన్యాయం. అది ఇంగ్లీషువారి సొంత మాట. లాటిన్ ‘ఇన్సుల’ బిడ్డ అనుకుని దాని కడుపులో లేని ‘ఎస్’ కుట్టారు. తరతరాల తెలుగు పిల్లలు ఆ ‘ఎస్’ కోసం చెవులు మెలి పెట్టించుకున్నారు. పొరపాటు పండితులది, దెబ్బలు మనవి.

‘సిలబస్’ అసలే పొరపాటు. సిసిరో ఉత్తరాల తొలి ముద్రణల్లో, తోలు చీటీ అనే అర్థమున్న ఒక గ్రీకు మాట తప్పుగా అచ్చయింది. ఆ అచ్చుతప్పే ఇప్పుడు విశ్వవిద్యాలయాలు ఆమోదించేది.

లాటిన్ మాటలు ఇంగ్లీషుతో పని లేకుండా తెలుగులోకి వచ్చాయా?

వచ్చాయి, ఇంగ్లీషువాడు రాక ముందే. రోమన్ వెండి నాణెం ‘దేనారియుస్’. పేరులో ఉన్నది పది. వ్యాపారంతో పాటు ఆ మాట కూడా ఓడ దిగి ‘దీనారం’ అయింది. నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల కాలపు శాసనంలో మహాదేవి రుద్రధర భట్టారిక 170 దీనారి మాషకాలు ఇచ్చినట్టు ఉంది. ప్రౌఢదేవరాయల ముత్యాలశాలలో శ్రీనాథుడికి కనకాభిషేకం జరిగిందని చెప్పే చాటు పద్యంలోనూ దీనారాలే. కవిసార్వభౌముడి తల మీద కురిసినవి, పేరు వరకైనా, రోమన్ నాణాలు.

పోర్చుగీసువారి ఓడల్లో మరికొన్ని వచ్చాయి. అలమారా వెనుక ఉన్నది ఆయుధాల బీరువా ‘అర్మారియుమ్’. ఇల్లు కట్టే ‘మేస్త్రీ’ పోర్చుగీసు ‘మెస్త్రె’, దాని వెనుక లాటిన్ ‘మాగిస్తెర్’. అంటే బడిలో మాస్టారు, గోడ మీద మేస్త్రీ, కోర్టులో మేజిస్ట్రేటు, ఉత్తరం మీద మిస్టర్ నలుగురూ ఒక్కరే.

పిల్లలకు ఇదంతా ఎలా ఉపయోగపడుతుంది?

ఉపసర్గలు తెలిసిన భాష కాబట్టి బాగానే పడుతుంది. ‘హారం’ ఒక్కటే పట్టుకుని ఆహారం, విహారం, సంహారం, పరిహారం అని మనం ఎలా ఆడుకుంటామో, లాటిన్ ‘మోయు’ ధాతువు ‘పోర్తారే’తో ఇంగ్లీషు అలా ఆడుకుంటుంది: ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్, ట్రాన్స్‌పోర్ట్, రిపోర్ట్, సపోర్ట్. ఇరవై ధాతువులు, పది ఉపసర్గలు వస్తే వందల మాటల గుట్టు తెలుస్తుంది. రోజుకు పది మాటలు బట్టీ పట్టించే పద్ధతి కన్నా ఇది ఎన్నో రెట్లు నయమని నా గట్టి అభిప్రాయం.

కొన్ని ఉపసర్గలకు అనువాదం కూడా అక్కర్లేదు. ‘ప్రో’ మన ప్ర, ‘సూపర్’ మన ఉపరి, ‘ఇంటర్’ మన అంతర్. ‘మీడియట్’లో ఉన్నది మధ్య. ఇంటర్మీడియట్ చదివే పిల్ల నిజంగానే మధ్యలో నలుగుతోంది.

లాటిన్‌కు తెలుగు ఏమైనా ఇచ్చిందా?

ఒకటి ఇచ్చింది. ధాన్యపు కొట్లలో గోతులు తవ్వే పందికొక్కును చూసి ఇంగ్లీషువారు ఆ పేరునే ‘బ్యాండికూట్’ అని పలికారు. తర్వాత ఆ పేరు ఆస్ట్రేలియాలోని, దీనితో ఏ సంబంధమూ లేని ఒక సంచి జంతువుకు కూడా అంటించారు. 1873లో జంతుశాస్త్రజ్ఞుడు జాన్ ఎడ్వర్డ్ గ్రే మన ఎలుకల ప్రజాతికి లాటిన్ పద్ధతిలో ‘బాండికోట’ అని నామకరణం చేశాడు. ఇప్పుడు ప్రపంచంలో ఏ శాస్త్రవేత్త దాని గురించి రాసినా ‘బాండికోట ఇండిక’, ‘బాండికోట బెంగాలెన్సిస్’ అని, లాటిన్ తోక తగిలించిన తెలుగులోనే రాయాలి.